సాకు

కైవారం పోయే దోవలో, చింతామణి దాటిన కొంచెం దూరానికే, రోడ్డుకు ఎడమచేతి పక్క రూపేష్ వాళ్ళ ఇల్లు. ఇంటి వెనక ఒక పొడుగాటి గది. వాళ్ళ నాయన తిమ్మరాయప్ప బతికున్నప్పుడు అందులో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. ఎండ తగిలితే పురుగు చచ్చిపోతుందని పెద్దాయన మూరెడు మందం గోడలు కట్టించినాడు. ఆయన పోయినాక కొడుకు ఆ పురుగుల తట్టలన్నీ పాత సామాన్లవాడికి వేసేసి, కిటికీలు ఇటుకలతో మూయించి, గోడలకు నల్లటి మెత్తలు కొట్టించి, దాన్ని సినిమా గది చేసినాడు. ఎన్ని అగరొత్తులు ముట్టించినా వాడిపోయిన మల్బరీ ఆకు వాసన మాత్రం ఆ గదిని వదల్లేదు.

రూపేష్‌కు చింతామణి బజార్లో టీవీల అంగడి. అంగట్లోకి వచ్చినవాటిల్లో అన్నిటికంటే పెద్దది ఇంటికే తెచ్చుకున్నాడు. గోడకు గోడంత తెర. ముందు, వెనక, పక్కలకు స్పీకర్లు, ఒక్కొక్కటి ఒక్కో ఇనప కడ్డీ మీద నిలబెట్టి. ఫైబర్ నెట్. అబ్బబ్బ, ఆ మనిషి గొప్పలు వినలేం! "ఫోర్ కే అంటే ఏమనుకున్యావప్పా? హీరో ముక్కు మీద చెమట బొట్లు లెక్కపెట్టచ్చు. థియేటరోడు నా దగ్గరికి వచ్చి నేర్చుకోవాల" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఫోన్లో సినిమా చూసేవాణ్ణి మనిషి కిందే లెక్కపెట్టడు.

ఆ గదికి ఇంకో గొప్ప ఉంది. లోపల ఎంత అరిచినా బయటికి సరిగ్గా వినపడదు. ఎప్పుడైనా ఒక కేక గోడ దాటి వచ్చినా, వంటింట్లో రాగిముద్ద కెలుకుతున్న రూపేష్ తల్లి యశోదమ్మ పక్కింటి సుజాతమ్మకు నవ్వుతా ఒకే మాట చెప్పేది.

"సినిమా చూస్తాండారమ్మా."

ఆ మాట వింటే సుమకు ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆ కేకలు ఆమెవి. రూపేష్ బయట పెళ్ళాన్ని ఒక్క మాట అనడు. పదిమందిలో సుమా సుమా అని తేనె పూసి మాట్లాడతాడు. కొట్టేది ఆ గదిలోనే. సౌండు పెంచి మరీ కొడతాడు. సినిమాలో కొట్లాట వచ్చేదాకా ఆగి కొడతాడు, అంత ఓపిక ఆ మహానుభావుడికి.

సుమ బాగేపల్లి పిల్ల. రెండో సంబంధం అని తెలిసే చేసుకుంది. మొదటి భార్య హేమావతి మేడ మెట్ల మీద జారిపడి పోయిందని చెప్పినారు. కాదని అనేవాళ్ళు ఎవరున్నారు? హేమావతికి ఒక కూతురుంది, నేత్ర. ఇంకా బడికి పోయే వయసు కాదు. పొద్దున లేచింది మొదలు చిన్నమ్మా చిన్నమ్మా అంటా సుమ కొంగు పట్టుకొని తిరుగుతుంది గానీ, ఆ వెనక గది గడప మాత్రం తొక్కదు.

ఆ ఆదివారం యశోదమ్మ కైవారం గుడికి పోయింది. రూపేష్ అంగడి మూసి వెనక గదిలో చేరినాడు. ఇంతకంటే మంచి అదను దొరకదని సుమ బట్టలు ఒక సంచిలో కుక్కి బియ్యం డబ్బా వెనక దాచింది. మధ్యాహ్నం బస్సెక్కి బాగేపల్లి చేరితే చాలు, ప్రాణం దక్కుతుంది. గుండెలో ముల్లు ఒక్కటే, నేత్ర. కన్నబిడ్డ కాదు. తీసుకొని పోతే బిడ్డనెత్తుకపోయిందని పోలీసుల్ని వెంట తెస్తాడు. వదిలి పోతే ఆ పసిదాని బతుకు ఈ మనిషి చేతుల్లో. ఆలోచించీ ఆలోచించీ, మనసు రాయి చేసుకొని, ఒక్కతే పోదామనుకుంది. పాపం, ఏం చేస్తుంది?

సంచి బయటికి తియ్యబోతుంటే వెనక గదిలోనుంచి పిలుపు వచ్చింది.

"సుమా! కొత్త సినిమా వచ్చుండాది. రా, చూద్దాం."

ఆ గొంతులో తీపికి అర్థం ఆమెకు తెలుసు. పోకపోతే వెతుక్కుంటా వస్తాడు, సంచి కనపడుతుంది. నేత్రను వసారాలో బొమ్మల ముందు కూర్చోబెట్టి పోయింది. వెనక తలుపు మూసుకుంది. బయట కళ్ళు చెదిరే ఎండ. లోపల కటిక చీకటి, ఏసీ చలి, ఆ పాత ఆకు వాసన.

తెర మీద కొట్లాట జరుగుతోంది. కత్తులు, కేకలు. రూపేష్ సోఫాలో వెనక్కి వాలి మురిసిపోతున్నాడు. "రక్తం చూడు, ఎంత నిజంగా ఉండాదో! తెర మీద చెయ్యి పెడితే అంటుకుంటాది." సుమ చీర అంచు నలుపుకుంటా సినిమా ఎప్పుడైపోతుందా అని కూర్చుంది.

అప్పుడు వినపడింది. వెనక స్పీకర్లో. చెవి పక్కన ఎవరో ఊపిరి వదిలినంత మెల్లగా...

"సాకు..."

రూపేష్ సినిమా ఆపినాడు. "ఏమన్యావు?"

"నేనేమీ అనలేదు."

"సాకు అన్యావు కదే."

"నేను నోరే తెరవలేదండి."

కర్ణాటకలోని ఆ సీమలో సాకు అనంగానే ముందు తట్టేది కన్నడం మాటే. చాలు అని. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు కూడా, అన్నం వడ్డిస్తుంటే "సాకు, సాకు" అనే చెయ్యి అడ్డం పెడతారు. అందుకే రూపేష్ రిమోట్ తీసుకొని, కన్నడం ఆడియో కలిసిందేమోనని చూసినాడు. కలవలేదు. తెలుగే ఉంది. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టినాడు. కత్తుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"నెట్లో ఏందో తేడా" అని గొణిగినాడు. ఆ మనిషి ముఖంలో భయం చూడడం సుమకు అదే మొదలు.

సినిమా మళ్ళీ నడిచింది. కాసేపు బాగానే ఉంది. తర్వాత...

"సాకు... సాకు..."

ఈసారి ఎడమ పక్క. ఆ వెంటనే వెనక. తర్వాత కుడి పక్క. ఎవరో నేల మీద పాక్కుంటా సోఫా చుట్టూ తిరుగుతున్నట్టు ఆ మాట ఒక స్పీకరు నుంచి ఇంకో స్పీకరుకు జరుగుతోంది. సుమ కాళ్ళు పైకి ముడుచుకుంది.

తెర మీద బొమ్మ మారింది.

ఇదే గది. ఇదే సోఫా. ఇవే నల్ల మెత్తలు. నేల మీద ఒక ఆడమనిషి పక్కకు తిరిగి ముడుచుకొని పడి ఉంది. ఒక మగవాడు ఆమె మీదికి వంగి, స్పీకరు నిలబెట్టే ఇనప కడ్డీతో కొడుతున్నాడు. వాడి వీపే కనపడుతోంది. ఆమె తల కాచుకోవడం లేదు, రెండు చేతులూ కడుపుకు అడ్డం పెట్టుకొని ఉంది. బొమ్మ ఎంత తేటగా ఉందంటే, నెత్తుట్లో అతుక్కున్న వెంట్రుకలు విడివిడిగా కనపడుతున్నాయి. ఊడి పడిన పన్ను కనపడుతోంది. కడ్డీ దిగిన ప్రతిసారీ ఈ గదిలో నేల అదిరింది.

"సాకు... సాకు..." అంటోంది ఆమె, నోటినిండా రక్తంతో.

"సాకా? నాకింకా సాకు కాలేదే!" అన్నాడు తెర మీద మగవాడు. గొంతు రూపేష్‌ది.

హేమావతి మెట్ల మీద జారిపడిందంట! ఏ మెట్లు, ఎక్కడి మెట్లు!

రూపేష్ ఎగిరి లేచి గోడకున్న వైరు పీకినాడు. బొమ్మ పోలేదు. నెట్ పెట్టె పీకి నేలకేసి కొట్టినాడు. బొమ్మ ఇంకా తేటపడింది. అప్పుడు పెళ్ళాం వైపు తిరిగినాడు.

"ఎవురు తీసినారే దీన్ని? నీకెవురిచ్చినారు?"

"నాకు తెలీదు... మీ కాళ్ళు పట్టుకుంటా, నాకేమీ తెలీదు..."

"నన్ను జైలుకు పంపల్లని చూస్తాండావా?"

పక్కనున్న స్పీకరు కింద పడింది. కడ్డీ అతని చేతికి వచ్చింది. మొదటి దెబ్బకు సుమ చెయ్యి అడ్డం పెట్టింది, మోచేతి కింద ఎముక పటుక్కుమంది. రెండో దెబ్బ భుజం మీద. ఇంకోటి ఎక్కడ తగిలిందో ఆమెకే తెలియలేదు. చెంప నేలకానింది. నోట్లో ఉప్పగా రక్తం. కళ్ళు తెరిచి చూస్తే, తెర మీద హేమావతి ఎక్కడ పడి ఉందో తానూ అక్కడే పడి ఉంది.

హేమావతి తల తిప్పింది. కొట్టేవాణ్ణి చూడలేదు. తెరలోనుంచి బయటికి, నేరుగా సుమ కళ్ళల్లోకి చూసింది.

"సుమా... సాకు."

చాలు అని మొత్తుకునే కళ్ళు కావు అవి. కొంగు చాచి అడుక్కుంటున్న కళ్ళు. అప్పుడు సుమకు తెలిసింది. అయ్యో దేవుడా, ఎంత పొరపాటు! ఆమె అంటున్నది చాలు అని కాదు. తల్లి చచ్చిన గొర్రెపిల్లను సాకు, దిక్కులేని బిడ్డను సాకు అంటామే, ఆ సాకు. బిడ్డను పెంచమని మొగుణ్ణి వేడుకుంది తల్లి, చచ్చిపోతా చచ్చిపోతా. ఆ దరిద్రుడికి చాలు అని వినపడింది. చాలదని ఇంకా కొట్టినాడు.

"నువ్వు గూడా అను! సాకు అను చూద్దాం!" రూపేష్ కడ్డీ పైకి లేపినాడు.

వసారాలో ఒక్కతే కూర్చొని ఉన్న నేత్ర సుమ కళ్ళలో మెదిలింది. బస్సు, సంచి, బాగేపల్లి అన్నీ మరిచిపోయింది.

"సాకతా అక్కా!" అని అరిచింది. "నీ బిడ్డను నేను సాకతా! నా కడుపున పుట్టినట్టు సాకతా!"

స్పీకర్లన్నీ ఒక్కసారి ఆగిపోయినాయి.

తెర మీద కడ్డీ లేచింది. దాన్ని పట్టుకున్న చెయ్యి కనపడలేదు. తెరలోని మగవాడి మోకాలి మీద దిగింది. గదిలో రూపేష్ మోకాలు వెనక్కి విరిగింది. అతన్ని ఎవరూ తాకలేదు. అతని కడ్డీ ఇంకా అతని చేతిలోనే ఉంది. అక్కడ భుజం మీద దిగింది, ఇక్కడ భుజం కుంగింది. అక్కడ దవడ. ఇక్కడ దవడ పక్కకు జరిగి వేలాడింది, పళ్ళు నేల మీద మొక్కజొన్న గింజల్లా చెదిరినాయి. తలుపు దాకా పాక్కుంటా పోయినాడు. గడియ మీద పెట్టిన వేళ్ళు ఒకటొకటిగా నలిగినాయి. అరవడానికి నోరు తెరిచినాడు. నోట్లోనుంచి ఏమీ రాలేదు. అతని గొంతు వెనక స్పీకర్లోనుంచి వచ్చింది, తేటగా...

"సాకు... సాకు..."

సాకు కాలేదు. చానాసేపు కాలేదు.

యశోదమ్మ వచ్చేటప్పటికి పొద్దు వాలుతోంది. వాకిట్లో జనం, పోలీసులు. "అరుపులు వినపడినాయి సార్" అని సుజాతమ్మ ఏడుస్తా చెబుతోంది, "సినిమా చూస్తాండారనుకుంటిమి." ఎవరో ఇంట్లో దూరి రూపేష్‌ను కొట్టి చంపినారని పోలీసులు రాసుకున్నారు. విరిగిన చేతితో, ఒళ్ళంతా దెబ్బలతో ఉన్న సుమను ఎవరూ అనుమానించలేదు.

చింతామణి ఆస్పత్రిలో ఆమెకు కట్టు కట్టి పడుకోబెట్టినారు. నేత్ర ఆమె పక్కనే ముడుచుకొని నిద్రపోయింది. దాని జుట్టు నిమురుతుంటే సుమకు నొప్పి కూడా తెలియలేదు. ఇద్దరం పోతాం, దీన్ని బాగేపల్లిలోనే బడిలో వేస్తా అనుకుంది. ఎన్నో నెలల తర్వాత ఆమెకు గుండెనిండా ఊపిరి ఆడింది.

యశోదమ్మ మంచం పక్కన కూర్చొని ఉంది. కొడుకు పోయిన తల్లి, ఏడవాల కదా. ఏడవలేదు. అటూ ఇటూ చూసి, వంగి, గుసగుసగా అడిగింది.

"అది వచ్చిందా?"

సుమ తల ఊపింది.

"ఏమడిగింది?"

"బిడ్డను సాకమనింది అత్తా. సాకతా అని మాటిచ్చినా."

యశోదమ్మ ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. "ఏ బిడ్డను?"

"అదేం మాటత్తా? నేత్రను."

"నేత్ర పుట్టినప్పటి నుంచి నా చేతుల్లోనే పెరిగింది. దాని గురించి హేమావతికి దిగుల్లేదు." ముసలామె తలుపు వైపు చూసి ఇంకా దగ్గరికి వంగింది. "అది పోయేటప్పుడు నాలుగో నెల సుమా. ఊర్లో ఎవురికీ తెలీదు. ఆ కడుపు నాది కాదన్యాడు వీడు. దాన్ని సాకమనే ఆ పొద్దు వీడి కాళ్ళ మీద పడింది."

సుమ చెయ్యి రొమ్ము మీదికి పోయింది. ఇందాకటి నుంచి రొమ్ములు బరువెక్కి సలుపుతున్నాయి. దెబ్బల నొప్పి అనుకుంది. తల వంచి చూసుకుంది. జాకెట్టు తడిసి ఉంది. నెత్తురు కాదు. తెల్లగా, వెచ్చగా... పాలు. ఇంతవరకు బిడ్డను కనని మనిషికి పాలు.

నేత్ర ఈ పక్కన కదలకుండా నిద్రపోతోంది. ఆ పక్కన ఎవరూ లేరు. కానీ అక్కడ, దుప్పటి కింద, అరచేతిలో పట్టేంత చిన్నది ఏదో, చల్లగా, తడిగా, ఆమె పక్కటెముకలు పట్టుకొని పైకి పాకుతోంది.

"అత్తా..." అంది సుమ.

యశోదమ్మ దుప్పటి వైపే చూస్తా, తలుపు దగ్గరికి వెనక్కి నడుస్తోంది.