తప్పు దిద్దుకున్నవాడు

టీచరమ్మ గొలుసు వంటావిడ సంచిలో దొరికింది. అప్పటికే సాయంత్రం నాలుగు దాటింది.

ఎస్సై లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టింది. ఇంగ్లీషు కోచింగ్ గది అది. ఉన్నది ఒక్కటే కిటికీ, దానికీ ఊచలు. లోపల టీచరు, నలుగురు విద్యార్థులు: వంటావిడ, ఓ హోటల్ యజమాని, మరో ఇద్దరు. ఊపిరాడని ఉక్క.

"నేను తియ్యలేదు మేడమ్!" అంది వంటావిడ. "ఐదింటికల్లా ఆస్పత్రి క్యాంటీన్‌లో ఇంటర్వ్యూ. ఇది పోతే నాకింకో దారి లేదు."

"మా మరదలేనండీ," పక్క కుర్చీలోని హోటల్ యజమాని నెత్తి కొట్టుకున్నాడు. "తమ్ముడు పోయాక కూడు పెట్టి సాకుతున్నా. పరువు తీసేసింది!"

కూడు పెడుతున్నాడట. వండుతున్నదెవరో అడగాలనిపించింది ఎస్సైకి.

"గొలుసు ఎక్కడ పెట్టారు?"

"డ్రాయర్‌లో. గొలుసు కొక్కెం విరిగింది," అంది టీచరు. "ఫోనొస్తే బయటికెళ్ళాను. వచ్చేసరికి లేదు."

"డ్రాయర్ దగ్గరికి ఎవరెళ్ళారు?"

ఎవరూ చూడలేదన్నారు. అందరూ తలలు వంచి రాసుకుంటున్నారట.

"నేను కుర్చీలోంచి కదిలితే ఒట్టు!" అన్నాడు హోటలాయన.

ఎస్సై బోర్డు వైపు చూసింది. నాలుగు ఇంగ్లీషు వాక్యాలు.

"ఏంటివి?"

"అర్జీ రాసే పాఠం. మనకి దేనికైనా 'కావాలి' సరిపోతుంది. ఇంగ్లీషులో అలా కాదు. ఆఫీసరుకి 'ఐ వాంట్' అని రాస్తే దబాయించినట్టుంటుంది. 'ఐ వుడ్ లైక్' అనాలి. అది లేనిదే గడవదంటే 'ఐ నీడ్'. నేను బయటికెళ్ళేటప్పటికి బోర్డు మీద ముగ్గురు 'వాంట్' రాశారు. వంటావిడ ఒక్కతే 'ఐ నీడ్ దిస్ జాబ్' అని సరిగ్గా రాసింది."

"తప్పులు మీరు దిద్దరా?"

"ఎవరి తప్పు వాళ్ళే తుడిచి దిద్దుకోవాలి. మా క్లాసు పద్ధతది."

బోర్డు మీద ఇప్పుడు 'వాంట్'లు రెండే ఉన్నాయి. మూడోది శుభ్రంగా తుడిచి, 'వుడ్ లైక్' అని దిద్ది ఉంది. హోటల్ లైసెన్సు కోసం రాసిన వాక్యం.

"డస్టర్ ఎక్కడుంటుంది?"

టీచరు గిర్రున బల్ల వైపు తిరిగింది. "ఆ డ్రాయర్‌లోనే."

ఎస్సై హోటలాయన ముందుకొచ్చి నిలబడింది.

"కుర్చీలోంచి కదలని పెద్దమనిషి తన తప్పెలా తుడిచాడు? గొలుసు తీశావు. పక్కనే ఉన్న సంచిలో పడేశావు. ఎందుకు?"

అతను మరదలి వైపు వేలు చూపించాడు. "ఇది పోతే పొయ్యి దగ్గరెవరుంటారు? జీతమిచ్చి మనిషిని పెట్టుకోమంటారా?"

ఎస్సైకి ఒళ్ళు మండింది. అతని చేతులకు బేడీలు వేసి, తలుపు గడియ తీసింది.

"ఇంకా టైముంది. పరిగెత్తమ్మా."

వంటావిడ సంచి భుజాన వేసుకుంది.

"రాత్రికి నాకు వంటెవరు చేస్తారే?" అరిచాడతను.

"స్టేషన్లో వాళ్ళే పెడతారు బావగారూ," అంటూ ఆమె గడప దాటింది.