పిట్టలకు లెక్క రాదు

సముద్రపు ఒడ్డున, బురద మేట అంచున ఉన్న ఆ చెక్కగది మంచిది కాదని అందరూ అనేవాళ్లే. పిట్టల్ని చాటుగా చూడటానికి ఎప్పుడో కట్టారు దాన్ని. చీకట్లో లోపల ఎవరో గొంతు సవరించుకుంటారట... తలుపు తీస్తే ఎవరూ ఉండరట. చెప్పినవాళ్లలో ఒక్కరూ తలుపు తీసిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

స్టూడియో ఆయనకు మాత్రం అక్కడికి వెళ్లక తప్పలేదు. పాస్‌పోర్టు ఫోటోలు తీయడంలో ఆయనకు తిరుగులేదు. కాస్త గడ్డం ఎత్తండి అంటే మనుషులు ఎత్తుతారు, పిట్టలు ఎత్తవు కదా! ఏటా శరత్తులో దక్షిణానికి పోయే ఉల్లంకి పిట్టలు ఆ మేట మీద నాలుగు రోజులు ఆగుతాయి. ఏటా ఆయన వెళ్తాడు, ఏటా ఫోటో అలికినట్టే వస్తుంది. ఈసారీ కుదరకపోతే కెమెరాని అటకెక్కిస్తానని భార్య ముందు నోరు జారాడు. ఆవిడ అటక ఖాళీ చేసి మరీ ఉంచింది.

మూడో రోజు, ఇంకా మసకగా ఉండగానే, బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాడు. అదొక కిటుకు. మనిషి లోపల ఉన్నాడని తెలిస్తే పిట్టలు దగ్గరికి రావు. ఇద్దరు లోపలికి వెళ్లి ఒకడు బయటికి వచ్చేస్తే, గది ఖాళీ అయిందనుకుని వాలతాయి. పాపం, వాటికి లెక్క రాదు.

బావమరిది చెప్పినట్టే బయటికి వచ్చి, కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

పిట్టల గుంపు వచ్చింది... గది చుట్టూ ఒకసారి తిరిగింది... వాలలేదు. మళ్లీ వచ్చింది. వాలలేదు.

"ఇంకా ఎవరున్నారే తల్లీ..." అని గొణిగాడాయన. "నేనొక్కడినే కదా!"

వెనకాల బల్ల కిర్రుమంది.

ఆయన తల తిప్పలేదు. ఆపాటి ధైర్యం ఉంటే కదా! అడుగులు... మెల్లగా. తలుపు తెరుచుకుంది — మూసుకుంది. బురదలో చప్పుడు దూరమైంది.

అంతే. వేల పిట్టలు ఒక్కసారిగా వాలిపోయాయి!

పారిపోదామంటే కాళ్లు లేవడం లేదు. భయమేసింది, ఏడుపొచ్చింది, అయినా అంత అందాన్ని ఎదురుగా పెట్టుకుని వదలబుద్ధి కాలేదు. బటన్ నొక్కుతూనే ఉన్నాడు. స్టాండుకి ఆనుకున్న మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

తెల్లారాక కారు దగ్గరికి వచ్చి చూసుకుంటే — అన్నీ అలికినట్టే.

"వాలాయా బావా?" అన్నాడు బావమరిది.

"వాలాయి... చాలాసేపటికి. ఒరేయ్, నువ్వు మళ్లీ లోపలికి వచ్చావా?"

"నేనెందుకొస్తాను? ఇక్కడొక పెద్దాయనతో కబుర్లు చెబుతున్నా. మీ వెనక బల్ల మీదే కూర్చున్నాడట కదా? తనుంటే పిట్టలు వాలడం లేదని బయటికి వచ్చేశాడట. చాలా మంచాయన."

స్టూడియో ఆయన చుట్టూ చూశాడు. "ఏడీ?" అన్నాడు గుసగుసగా.

"ఇప్పుడే అటు వెళ్లాడు" అని సముద్రం వైపు చూపించాడు బావమరిది.

ఆ బురద మీద పిట్టల అడుగులు తప్ప మరేమీ లేవు.

"అన్నట్టు, ఫోటో కుదరకపోతే మిమ్మల్ని రేపు కూడా రమ్మన్నాడు. నన్ను మాత్రం నిద్ర చెడగొట్టుకోవద్దన్నాడు బావా. 'మీ బావ ఒక్కడూ వస్తే చాలు... లెక్కకు నేనున్నాగా!' అన్నాడు."