పౌర్ణమి పట్టుబడి

పామర్రు సెంటర్లో టీ గ్లాసు పెదవులకు తగిలేలోపే ఏజెంట్ పున్నయ్య నుదుట చిల్లు పడింది. సైలెన్సర్ తుపాకీ. పక్కన బజ్జీ తింటున్నవాడికి కూడా చప్పుడు వినపడలేదు. అంతకు నిమిషం ముందే పున్నయ్య హెడ్ క్వార్టర్స్‌కి మెసేజ్ కొట్టాడు: "బాంబు పదకొండింటికి. గిలకలదిండి హార్బర్. నేవీ సర్వే బోటు."

బోటు మీద ఇరవై ఇద్దరున్నారు.

"ఖాళీ చేయిస్తే ముఠాకి తెలిసిపోతుంది. ఆ బాంబు బందరు బస్టాండులో పేలుతుంది," అన్నాడు ఆపరేషన్ చీఫ్ శామ్యూల్ రాజ్.

తొమ్మిదిన్నర. గుడివాడలో ఓ గెస్ట్ హౌస్. లోపలి గదిలో కుసుమ కాలు మీద కాలేసుకుని కూర్చుంది. సిల్కు చీర, ఖరీదైన సెంటు, సీఫుడ్ ఎక్స్‌పోర్టర్ అన్న విజిటింగ్ కార్డు. రెండేళ్ళుగా డిపార్ట్‌మెంటుకి ఇన్ఫార్మర్. పున్నయ్య ఫోటో ముఠాకి అమ్మింది ఈమేనని అనుమానం. ఆధారం లేదు.

శామ్యూల్ రాజ్ లాఠీ తీశాడు. "పది నిమిషాలు నాకొదిలెయ్యమ్మా."

"కొడితే మీక్కావలసిన అబద్ధం చెప్తుందండీ," అంది ఇంటరాగేషన్ ఆఫీసర్ వినీల. ప్రశ్నించేటప్పుడు ఆమె ఇంతవరకూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. చెయ్యెత్తి ఉంటే బాగుండేదని తరవాత చాలామంది ఏడ్చారు. "నాకు ఆవిడ సొంత అబద్ధం కావాలి."

లోపలికి వెళ్ళి మంచినీళ్ళిచ్చింది.

"నిన్న కృత్తివెన్నులో ఉన్నారట కుసుమ గారూ. పొద్దుట్నుంచీ ఏం జరిగిందో మీకు తోచినట్టు చెప్పండి. నేను అడ్డురాను."

"అక్కడి కెమెరాలో పడ్డాను కదా, దాచేదేముంది అక్కా? చెరువులో వల వేయించి పట్టుబడి చేయించాను. ఆరు పెట్టెల రొయ్యలు ఐసు కొట్టించి తెల్ల వ్యాన్ ఎక్కించాను. ఇవాళ పొద్దున బయల్దేరింది."

"ఇప్పుడు చివర్నుంచి మొదటికి చెప్పండి."

కుసుమ తడుముకోకుండా అప్పజెప్పింది. బట్టీ పట్టిన పాఠం.

"సరుకెలా ఉంది?"

"ఫస్ట్ క్లాస్. కిలోకి ముప్పై కౌంట్. గుల్ల రాయిలా ఉంది."

వినీల నవ్వింది. ఆమె తండ్రి యాకోబు ముప్పయ్యేళ్ళు కృత్తివెన్నులోనే రొయ్యల చెరువు చేశాడు.

"నిన్న పౌర్ణమండీ. పౌర్ణమికి రొయ్య గుల్ల విడుస్తుంది, ఒళ్ళంతా మెత్తబడుతుంది. ఆ రోజు మావాళ్ళెవరూ చెరువులో వల వెయ్యరు. వేసినా కొనేవాడుండడు."

కుసుమ గ్లాసు కింద పెట్టేసింది.

వినీల కాలర్‌కున్న మైక్రోఫోన్లో అంది: "ఇవాళ కృత్తివెన్ను నుంచి రొయ్యల పెట్టెలతో వచ్చే వ్యాన్ ఒక్కటే ఉంటుంది. అందులో ఉన్నవి రొయ్యలు కావు. ఆపండి."

హార్బర్ గేటు ముందు వ్యాన్ దొరికింది. పది యాభై తొమ్మిది. డ్రైవర్ రిమోట్ నొక్కబోతుండగా కమాండో వాడి మణికట్టు విరిచాడు. ఐసు కింద ఆరు పెట్టెల ఆర్డీఎక్స్. ఒక్క రొయ్య కూడా లేదు.

వినీల తలుపు బార్లా తీసింది. "ఇక మీరు వెళ్ళొచ్చండీ."

"అరెస్టు చెయ్యరా?"

"ఎందుకండీ? ఇంత సాయం చేశారు. వ్యాన్ పట్టించింది మీరేనని వైర్‌లెస్‌లో చెప్పేశాం కూడా. మీ వాళ్ళు అది వింటారటగా? ఎదురు కిళ్ళీ కొట్టు దగ్గర ఇద్దరు అప్పుడే వచ్చి నిలబడ్డారు. వాళ్ళ దగ్గరా సైలెన్సరే ఉంటుందేమో."

కుసుమ సెంటు వాసనను చెమట మింగేసింది. మోకాళ్ళ మీద పడి వినీల పాదాలు పట్టుకుంది.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. నన్ను జైల్లో పెట్టించు!"

"పున్నయ్యకి ఇద్దరాడపిల్లలండీ. వాళ్ళకింకా కబురు వెళ్ళలేదు," అంది వినీల, పాదాలు వెనక్కి తీసుకోకుండానే.

శామ్యూల్ రాజ్ మనసు కరిగింది. ఆమెకి వెయ్యడానికి జేబులోంచి బేడీలు తియ్యబోయాడు. వినీల ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండండి సార్. ముందు ముఠాలో అందరి పేర్లూ చెప్పనివ్వండి. గవర్నమెంటు బేడీలు, ఊరికే ఇచ్చేస్తామా?"