కపాలంలో ఒక్క గొంతుకే చోటు

అర్ధరాత్రికేనా భయపడాలి? మిట్టమధ్యాహ్నం బయట తిరగొద్దని మీ అమ్మమ్మ ఊరికే అనలేదు! నీడలు కాళ్ళ కిందికి ముడుచుకుపోయే ఆ ఘోరమైన వేళ... కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు బిగించిన ఆ మేడమీది గదిలో... దీపం పెట్టిన ఎర్రటి పీటమీద ఒక కపాలం పళ్ళికిలించి నవ్వుతోంది!

కపాలం వెనక మాంత్రికుడు. ఎదురుగా కెమెరా. కెమెరా దగ్గర ఒక అమ్మాయి. ఏ కంపెనీలోనూ ఉద్యోగం చెయ్యదు. సొంత కెమెరా భుజాన వేసుకుని, పిలిచినవాళ్ళకి ప్రచార వీడియోలు తీసిపెడుతుంది.

"మాట్లాడే కపాలం! అదీ మన ప్రత్యేకత. వీడియో చూసి జనం విరగబడాలమ్మా," అన్నాడు మాంత్రికుడు, అద్దంలో చూసుకుంటూ గడ్డం దువ్వుకుని.

"అలాగే గురువుగారూ. ముందు ఒక్కసారి దాన్ని పలికించండి, సౌండ్ చూసుకుంటాను."

అతడు కపాలం నెత్తిమీద తట్టాడు.

"రండి... కూర్చోండి... మీ కష్టాలన్నీ తీరతాయి..."

తేనెలాంటి గొంతు! హెడ్‌ఫోన్స్‌లో వినగానే ఆ అమ్మాయి గుండె ఝల్లుమంది. అది ఆమె తోడబుట్టిన అక్క గొంతు!

ప్రకటనలకు గొంతు ఇచ్చి బతికే అక్క... నిరుడు ఇదే గదికి, ఇదే మాంత్రికుడి ప్రచారానికి గొంతు ఇవ్వడానికి వచ్చింది. కాగితం చదివి, "ఇన్ని అబద్ధాలు నా నోటితో చెప్పలేనండీ," అని లేచింది. అంతే! ఇంటికి చేరింది ఆమె శరీరం మాత్రమే. నోరు తెరిస్తే గుడ్లగూబ కూత! కళ్ళు తేలేస్తుంది, గోడలు గీరుతుంది. కన్నకూతురే తల్లిని చూసి జడుసుకుని బావ వెనక దాక్కుంటోంది. "వాడి అంతు చూడకపోతే నేను నీ చెల్లెల్నే కాదు," అని అక్క చెయ్యి పట్టుకుని ఒట్టేసింది ఈ పిల్ల. అందుకే ఈ పని వెతుక్కుంటూ మరీ వచ్చింది. పాపం, ఆ సంగతి మాంత్రికుడికి తెలియదు. పాపం అన్నానా? నోరు జారింది లెండి!

"మొదట మీ మాటలు తీద్దాం. ఈ అద్భుతం ఎలా సాధ్యమో చెప్పండి," అంది.

మొహమ్మీద లైటు పడితే చాలు, కొందరికి నోటికి తాళం ఉండదు.

"నేను మంత్రం చదివిన ప్రతిసారీ ఒక క్షుద్రశక్తి దిగివస్తుంది! వచ్చినదాన్ని వెంటనే ఉద్వాసన చెప్పి పంపెయ్యాలి. ఆలస్యమైతే దానికి ఆకలి! ఎవరి గొంతు వినపడితే ఆ గొంతు మింగి, తెచ్చి ఈ కపాలంలో పెడుతుంది. ఇందులో ఒక్క గొంతుకే చోటు. కొత్తది వస్తే పాతది తన మనిషి దగ్గరికి వెళ్ళిపోవాల్సిందే... హహ్హహ్హా!" అని నవ్వి, అంతలోనే నాలిక్కరుచుకున్నాడు. "ఈ ముక్క తీసెయ్యమ్మా."

"తీసేస్తాను గురువుగారూ. ఇప్పుడు మంత్రం. ఉత్తుత్తిది చదివితే కెమెరా ఇట్టే పట్టేస్తుంది, నిజమైనదే చదవండి. ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి, మొహం దగ్గరగా ఒకసారి తీస్తాను. ఉద్వాసన చివర్లో ఒక్కసారి చాలు, అన్నిటికీ అదే అతికిస్తాను. మొదలుపెట్టాక నేను మాత్రం నోరు విప్పను. అన్నీ సైగలే."

"మధ్యలో పంపకుండానా...?" అని నసిగాడు.

"మొన్న ఇంకో గురువుగారు అలాగే చేశారు. మీకు కష్టమనుకుంటే..."

"ఎవడు వాడు? వాడు చేసింది నేను చెయ్యలేనా!"

అహం బుస్సున లేచింది. ఆమె పెదవులు బిగించి, చెయ్యి ఊపింది.

"హ్రాం... హ్రీం... ఆగచ్ఛ! ఆగచ్ఛ!"

గాలి లేకుండానే నల్లగుడ్డలు ఊగాయి. కెమెరా పక్కకి మారింది. మళ్ళీ మంత్రం! మబ్బు తునక లేని ఆకాశంలో ఫెళఫెళమని పిడుగు! మొహం దగ్గరగా మూడోసారి... దీపశిఖ నీలంగా మారి, గదినిండా చితి వాసన! ఆ పిల్ల పెదవులు మాత్రం విడలేదు.

మాంత్రికుడు తీసినదంతా వేయించుకుని చూసుకున్నాడు.

"మొహం ఎందుకో వాడినట్టుందే. ఇంకోసారి చేద్దాం!"

ఇది మాత్రం ఆమె పథకంలో లేదు. తన గోతిని తానే ఇంకో మూరెడు లోతు తవ్వుకున్నాడు మహానుభావుడు!

నాలుగోసారి పిలిచాక, ఇక ఉద్వాసన కానివ్వమని ఆమె సైగ చేసింది. అతడు నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి... కానీ హెడ్‌ఫోన్స్‌లో నిశ్శబ్దం! ఇంతసేపూ అతని మాటకల్లా ఎగిరిపడిన సౌండు గీత తెరమీద చచ్చిన పాములా పడుంది. అంతలో... కపాలం అరిచింది. మగగొంతుతో!

"ఉద్వాసన... చెప్పనివ్వండి... వదలండి... నన్ను వదలండి!"

అతడు రెండు చేతులతో కంఠం పట్టుకుని ఆమెవైపు చూశాడు. ఆమె ఫోన్ తీసి అక్క ఫొటో చూపించింది. గుర్తుపట్టాడు! మోకాళ్ళమీద పడి చేతులు జోడించాడు. ఆమె అడ్డంగా తల ఊపి, అరచేతిని తన మెడ ముందు ఇటునుంచి అటు గీసింది. షూటింగుల్లో ఇక ఆపెయ్యమని చెప్పే సైగ అది.

మొదటిది గొంతు తిన్నది. మిగిలిన మూడూ ఇంకా ఆకలితోనే ఉన్నాయి! లైట్లు పేలాయి... ఎముకలు పటపటా విరిగాయి... పీట దగ్గర చివరికి పిడికెడు బూడిద మిగిలింది. పిలిచినవాడే లేకపోయాక వచ్చినవాటికి అక్కడేం పని? నల్లగుడ్డలు జారిపడి గదిలోకి ఎండ వచ్చింది.

ఫోన్ మోగింది. బావ నంబరు. భయంభయంగా చెవికి ఆనించుకుంది.

"ఒసేయ్, ఎక్కడ తిరుగుతున్నావే? దాహమేస్తోంది, మంచినీళ్ళిమ్మంటే మీ బావ గ్లాసు పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాడు!"

"అక్కా!" అని మేడ అదిరేలా ఏడ్చింది చెల్లెలు.

వారం తిరక్కుండా వీడియో జనంలోకి వెళ్ళింది. మాట్లాడే కపాలం ఉంది. తీసెయ్యమన్న ముక్కా ఉంది. పైన వ్యాఖ్యానం అక్కది. అనుకున్నట్టే జనం విరగబడి చూశారు. ప్రతి క్లయింటూ అది మార్చు, ఇది మార్చు అని ప్రాణం తీసేవాడే. ఆ పిల్ల చేసిన పనుల్లో, వీడియో పూర్తయ్యాక ఒక్క మార్పు కూడా అడగనివాడు ఇతనొక్కడే.