మూడు ముళ్ళ కవరు

దేవుడి పటానికి పెట్టిన పువ్వు మర్నాటికి వాడిపోతుంది. వాడిన పువ్వు ఎవరిది? దేవుడిదా, మనదా, చెత్తబండిదా? ఖతర్ వచ్చిన దగ్గర్నుంచీ మధుసూదన్‌ను ఈ సందేహం వదలలేదు.

కోనసీమలో ఉన్నంతకాలం ఆ అవసరమే రాలేదు. ఇంటి వెనక పంటకాలువ ఉండేది. అమ్మ సావిత్రి నిన్నటి పూలు దోసిట్లో పట్టుకెళ్ళి వదిలేసేది. మిగతాది కాలువ చూసుకునేది. అల్ ఖోర్‌లో కాలువ ఎక్కడిది? గ్యాస్ ప్లాంట్లు ఒకదాని వెనక ఒకటి లేస్తూ, ఇసుకలోంచి నెలకో వీధి పుట్టుకొస్తున్న రోజులవి. గురువారం విమానంలో దిగిన బంతిపూలు కొనుక్కొచ్చి, అమ్మ శుక్రవారం పూజ చేసుకునేది. మళ్ళీ వారానికి వాటిని చెత్తడబ్బాలో చేపతలల మీద పారబోయడానికి కొడుక్కి చేతులు రాలేదు.

అందుకని అతనే ఒక దారి కనిపెట్టాడు. పూలూ, కాలిన వత్తులూ ప్లాస్టిక్ కవర్లో పోసి, ఎవరి కాలూ తగలకుండా పసుపు దారంతో మూడు ముళ్ళు బిగించేవాడు. దఖీరా మడ అడవి దాకా కారులో వెళ్ళి, పోటు మీదున్న పాయలో వదిలేవాడు. కవరు తేలుతూ చెట్ల మధ్యకు పోయి కనబడకుండా పోయేది. కనబడలేదు కాబట్టి సముద్రంలో కలిసిందనుకుని చెంపలు వేసుకుని వచ్చేసేవాడు.

ఒక శుక్రవారం కవరుతో కారు దిగబోయేసరికి గట్టంతా పిల్లలు. స్కూల్ బస్సు, గోనెసంచులు, చేతి తొడుగులు. మధ్యలో ఒకమ్మాయి చున్నీ నడుముకు బిగించి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, అతన్నే చూస్తోంది.

"వాలంటీరా మీరు? ఇంత ఆలస్యంగానా?" అంది. కారు అద్దానికి వేలాడుతున్న తిరుపతి వెంకన్నను చూసి తెలుగువాడని పోల్చుకుందట.

మధుసూదన్ కవరును మడమతో సీటు కిందకు తోసేసి, "అవునండీ" అన్నాడు.

ఆమె పేరు సీతాలక్ష్మి. అల్ ఖోర్‌లో ఇండియన్ స్కూల్లో సైన్స్ టీచరు. గట్టు మీద మడతకుర్చీలో ఫ్లాస్కుతో కూర్చున్న పెద్దాయన ఆమె తండ్రి సుధాకరరావు. ఆయన బూట్లు ఊరికే పడున్నాయని తెచ్చి మధుసూదన్ చేతికిచ్చింది. బురదలో నాలుగడుగులు వేశాడో లేదో ఎడమకాలు మోకాలి దాకా దిగిపోయింది. పిల్లలు పట్టి లాగితే కాలు వచ్చింది. బూటు రాలేదు. ఎంత తవ్వినా దొరకలేదు.

"ఒక బూటు బాకీ పడ్డావయ్యా," అన్నాడు సుధాకరరావు టీ పోసుకుంటూ. కొత్త జత కొనిస్తానంటే ఒప్పుకోలేదు. "నాకు నాదే కావాలి. కుడిది ఇంట్లో ఉంచుతాను, ఎడమది వెతికి తే."

సీతాలక్ష్మి నవ్వాపుకుని పాఠంలోకి దిగింది. బురదలోంచి పెన్సిళ్ళలా పైకి లేచిన వేళ్ళు చూపించి, ఇవి చెట్టు ముక్కులని చెప్పింది. వాటి సందుల్లో గోరంత చేపపిల్లలు తిరుగుతున్నాయి. పెద్ద చేపల నోట పడకుండా ఇక్కడే పెరిగి సముద్రానికి వెళతాయట. అలా చెబుతూ వంగి, ఆ వేళ్ళ మీద గుడ్డలా పరుచుకున్న ఒక ప్లాస్టిక్ కవరు లాగింది. కింద వేళ్ళు నల్లగా కుళ్ళిపోయి ఉన్నాయి. కవరు మూతికి పసుపు దారం. లోపల నల్లబడ్డ బంతిపూలు.

"చూడండి, మూడు ముళ్ళు వేసి మరీ నీళ్ళలోకి తోశాడు," అంది. "ఈ మహానుభావుడి పెళ్ళాం పరిస్థితి ఏమిటో."

అందరూ నవ్వారు. మధుసూదన్ కూడా నవ్వాడు.

ఆ రోజు నుంచి కవర్లు వదలడం మానేశాడు. శుక్రవారాలు మాత్రం మానలేదు. మడచెట్ల కోసం వెళ్ళాడా, మనిషి కోసం వెళ్ళాడా అంటే అతనికే తెలియదు. సీతాలక్ష్మి అతని నడకను కొంగ నడక అనేది. అతను ఆమెకు తెలియకుండా ఆమె సంచీ బరువు తన సంచీలోకి మార్చేవాడు. ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉండేది.

కానీ పాయ ఊరుకోలేదు. పాత కవర్లను వారానికి ఒకటీ రెండూ చొప్పున బయటపెట్టేది. పిల్లలు "మూడు ముళ్ళ అంకుల్ కవరు!" అంటూ ఎగబడి చూపించేవాళ్ళు. ఆమె కళ్ళలోకి చూడాలనుకున్నప్పుడల్లా మధ్యలో ఒక పసుపు దారం వేలాడేది. చెబితే ఈ శుక్రవారాలు పోతాయి. చెప్పకపోతే? ఇంట్లో బాల్కనీ నిండా వారాల తరబడి పూల కవర్లు పేరుకున్నాయి. ఒరే మధూ, ఈ వాసనేమిట్రా అని సావిత్రి అడిగితే డ్రైనేజీ అన్నాడు. దేవుడి పూలను డ్రైనేజీ అన్నందుకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

అసలు సిగ్గు తర్వాత వచ్చింది. పిల్లల తండ్రుల్లో ఒకరు, ఈ పని లేబర్ క్యాంపువాళ్ళదే అయ్యుంటుందనీ, బస్సు నడిపే లింబాద్రి నుదుట రోజూ బొట్టుంటుందనీ అన్నారు. ఇంకొకరు అవునన్నారు. సీతాలక్ష్మి, చూడకుండా ఎవరినీ అనకండి అంది. అయినా పై శుక్రవారం బస్సుకు వేరే డ్రైవరు వచ్చాడు. ఆ మాట అన్నప్పుడు మధుసూదన్ అక్కడే ఉన్నాడు. బూట్ల బురద కడుక్కుంటూ తల ఎత్తలేదు.

రెండు రోజులు ఓర్చుకుని మూడోరోజు సాయంత్రం క్యాంపుకు వెళ్ళాడు. లింబాద్రిది ఆర్మూర్ పక్క పల్లె. గదిలో ఆరు మంచాలు, గోడకు చిన్న నరసింహస్వామి పటం, ముందు ఒక అగర్‌బత్తి. పువ్వు లేదు.

ఆ కవర్లు ఎవరివో మధుసూదన్ అంతా చెప్పాడు.

"శుక్రారం ఆ పోరగాండ్లతోని పోతే నా పిల్లల్ని చూసినట్లుండె సార్," అన్నాడు లింబాద్రి. "గదొక్కటే తీస్కున్నరు. నాకు పువ్వులు కొన ఫులూస్ యాడియి? ఈ ముచ్చట నాకు చెప్పి ఏం ఫాయిద? నన్ను అనుకున్నోళ్ళకు చెప్పుండ్రి."

ఆ శుక్రవారం మధుసూదన్ లింబాద్రిని కారులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. పిల్లలూ, పెద్దలూ గుమిగూడాక, బాల్కనీలో దాచిన పూలు గట్టు మీద పోశాడు. ఒక ఖాళీ కవరు తీసి, పూలు నింపి, జేబులోంచి పసుపు దారం తీశాడు. ఒక ముడి. రెండో ముడి. మూడో ముడి వేసి అందరికీ కనబడేలా పైకెత్తాడు.

పిల్లలకు మొదట అర్థమైంది. ఎవరూ నవ్వలేదు.

"లింబాద్రి కాదు. నేను," అన్నాడు. "ఎవరి కాలూ తగలకూడదనుకున్నాను. ఈ చెట్లకు ఊపిరి తగలకుండా చేశాను. ఆ రోజు నేనిక్కడ నిలబడే విన్నాను, మాట్లాడలేదు."

సీతాలక్ష్మి అతన్ని ఒకసారి చూసి, పాయ వైపు వెళ్ళిపోయింది. ఆ వారమూ, తర్వాత వారాలూ మాట్లాడలేదు. అతను మాత్రం వస్తూనే ఉన్నాడు. చివరన నిలబడి, అందరికంటే లోతు బురదలో ఏరేవాడు. లింబాద్రి మళ్ళీ బస్సు ఎక్కాడు. అతనే ఒకరోజు చాయ్ అందిస్తూ, జర ఓపిక పట్టుండ్రి సార్, టీచరమ్మ మీ సంచి దిక్కే చూస్తది అన్నాడు.

ఇంట్లో సావిత్రికి కూడా అంతా చెప్పాడు. ఆమె పటం వైపు చూసి, "కాలువ లేదని నువ్వెందుకురా అంత దూరం పోయావు? మట్టిలోంచి వచ్చిన పువ్వు మట్టిలోకి పోతే దేవుడు కోప్పడతాడా? అడగొచ్చుగా నన్ను," అంది. నిజమే. ఇన్నేళ్ళ సందేహాన్ని పక్కగదిలో ఉన్న మనిషిని అడగలేదు.

డిసెంబరులో వాన పడింది. ఏడాదికి నాలుగు చినుకులు పడే ఊరు కాబట్టి వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చింది. మధుసూదన్ కూడా వచ్చాడు. కింద సీతాలక్ష్మి తడుస్తూ, లింబాద్రితో కలిసి బస్సులోంచి ఒక నీలం డ్రమ్ము దించుతోంది. ఇతను పరుగున దిగాడు.

"స్కూల్ తరఫున పెట్టిస్తున్నాం. మొదటిది మీ వీధికి," అంది అతని వైపు చూడకుండా. "అందరి ఇళ్ళ దేవుడి పూలూ ఇందులో వేస్తే ఎరువు అవుతుంది, స్కూల్ తోటకి. ఇంటింటికీ చెప్పడానికి మనిషి కావాలి. తప్పు చేసినవాడు చెబితే వింటారు."

"చెబుతాను."

"కవరు ఉండకూడదు. దారం ఉండకూడదు."

"ముళ్ళు?"

వాన నీళ్ళు కనురెప్పల మీంచి తుడుచుకుని ఆమె ఇప్పుడు చూసింది. "ఆ మూడూ దాచుకోండి. నాకు పనికొస్తాయి."

లింబాద్రి డ్రమ్ము మూత సరిచేస్తూ అటు తిరిగి నిలబడ్డాడు.

సుధాకరరావు మాత్రం దిగిరాలేదు. సావిత్రి సంబంధం మాట ఎత్తినప్పుడల్లా, పిల్లవాడు మంచివాడే కానీ బాకీ ఉన్నాడమ్మా అనేవాడు. ఇంకో ఏడాది గడిచింది. నల్లబడ్డ వేళ్ళ పక్కన కొత్త వేళ్ళు లేచాయి, వాటి మధ్యకు చేపపిల్లలు వచ్చాయి. పసుపు దారాలు కనబడటం మానేశాయి.

ఒక శుక్రవారం పోటు బాగా తీసిన వేళ, మధుసూదన్ చేతికి బురదలో మెత్తటి అంచు తగిలింది. లాగాడు. బూటు. ఎడమది. బోర్లిస్తే ఒక ఎండ్రకాయ దిగి, కోపంగా నడుచుకుంటూ పోయింది.

కడిగి తెచ్చి కుర్చీ ముందు పెట్టాడు. సుధాకరరావు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. తర్వాత కూతురికి సైగ చేశాడు. సీతాలక్ష్మి తమ కారు డిక్కీలోంచి కుడి బూటు తెచ్చింది. ఇన్నాళ్ళూ ప్రతి శుక్రవారం అది కారులోనే వస్తూ పోతూ ఉందని మధుసూదన్‌కు అప్పుడు తెలిసింది.

పెద్దాయన రెండూ తొడుక్కుని, లేచి నిలబడి, బురదలో రెండడుగులు వేసి చూసుకున్నాడు.

"సరిపోయింది," అన్నాడు. "మీ అమ్మగారికి సాయంత్రం వస్తున్నామని చెప్పు."