తెల్లపూల సంచి

అమెరికాలోని కొలంబస్ నగర శివారులో, ఆ చిన్న అడవి మొదట్లో, నడకబాటల మ్యాపు అతికించిన బోర్డు వెనక, ఏజెంట్ లైల్ గొంతు తెగి పడి ఉన్నాడు. నెత్తురింకా వెచ్చగానే ఉంది.

తోటి ఏజెంట్ ఎవరెట్ స్లోకమ్ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది.

"శవాన్ని వదిలెయ్. లోపల డాక్టర్ టీగ్ వాలంటీర్లతో కలిసి కలుపు పీకుతున్నాడు. మన జలాంతర్గాముల కోడ్ మొత్తం ఆ ముసలాయన బుర్రలోనే ఉంది. ఆయన్ని చంపడానికి శత్రు ముఠా పంపిన మనిషెవరో ఆ వాలంటీర్లలోనే ఉన్నారు. నువ్వు అరిచావో, మొదటి తూటా ఆయనకే!"

స్లోకమ్ చేతి తొడుగులు వేసుకుని, సంచి పట్టుకుని గుంపులో కలిశాడు. ఏటా వసంతంలో చేసినట్టే అందరూ వంగి, వెల్లుల్లి వాసన కొట్టే కలుపుమొక్కను వేళ్లతో సహా పీకి సంచుల్లో కుక్కుతున్నారు.

"కొత్తవాడివా నాయనా? నడుం వంచు, విరిగిపోదులే!" అంది గుంపు పెద్ద బర్నీస్ యోడర్.

డెల్ఫీన్ రోర్క్ అతని పక్కకు జరిగింది. ముఠాను వదిలి స్లోకమ్ పక్షానికి వచ్చేసిన అందగత్తె. మూడు వసంతాలుగా ఇక్కడే కలుపు పీకుతూ డాక్టరును కనిపెట్టుకుని ఉన్నానని రిపోర్టులు పంపుతోంది. అంత బురదలోనూ ఆమె లిప్‌స్టిక్ చెదరలేదు.

"ఆకుపచ్చ టోపీవాడే. ఆలోచించకు, కాల్చెయ్" అని గుసగుసలాడింది.

టోపీవాడు డాక్టరుకు మరీ దగ్గరగా ఉన్నాడు. "నా సంచే బరువు డాక్టరుగారూ! పందెం ఓడారు, ఇవాళ కాఫీ మీరే పోయించాలి!"

స్లోకమ్ వేలు జేబులోని పిస్టల్ ట్రిగ్గర్ మీద బిగిసింది. అప్పుడే అతని చూపు డెల్ఫీన్ సంచి మీద పడింది. దాన్నిండా మూడు రేకుల తెల్ల ట్రిలియం పూలు, దుంపలతో సహా. ఆ పూలు బతకాలనే ఇక్కడివాళ్లు కలుపు పీకేది. మూడు వసంతాలు ఇక్కడ పనిచేసిన చెయ్యి వాటిని తాకదు.

రిపోర్టులన్నీ అబద్ధం!

ఆమె మెడలోని బైనాక్యులర్స్ అప్పటికే డాక్టరు వైపు లేచాయి. స్లోకమ్ ఎగిరి అడ్డం పడ్డాడు. అందులో దాచిన తుపాకీ గొట్టంలోంచి వచ్చిన తూటా అతని భుజం చీల్చుకుని పోయింది. మరుక్షణం ఆమె చేతిలో కత్తి మెరిసింది. స్లోకమ్ ఆ మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఎముక ఫటుక్కుమంది. ఇద్దరూ కిందపడి దొర్లారు. కత్తి ఆమె పక్కటెముకల మధ్య పిడిదాకా దిగింది.

"మూర్ఖుడా..." అని నెత్తురు కక్కి, డెల్ఫీన్ కదలడం మానేసింది.

స్లోకమ్ తూలుతూ లేచి, పూల మధ్యనుంచి డాక్టరు వైపు అడుగేశాడు.

"ఆగక్కడ!" బర్నీస్ కేక పెట్టింది. "చస్తే చావు గానీ, బాట మీద నడువయ్యా!"

దేశాన్ని కాపాడిన ఏజెంట్ భుజం అదిమి పట్టుకుని, బుద్ధిగా బాట ఎక్కాడు.