ఆయన కాదన్న పిలుపు

పొద్దున ఆవిడ స్నానం చేసి, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి ఆయన ఫోను పెట్టేసి పేపరు తిరగేస్తున్నాడు. ఎవరని అడిగింది. విదేశాంగ మంత్రిగారని, మీ ఆవిడ రాయబారిగా వెళ్తారా అని అడిగారని, మా ఆవిడకు కుదరదని చెప్పేశానని, పాలవాడు రేపు రాడన్నంత తేలిగ్గా చెప్పాడు.

ఆయన్ని పూర్తిగా అనడానికీ లేదు. ఆవిడ రాజకీయాల్లోకి దిగినప్పటినుంచీ ఇంట్లో అదో ఏర్పాటు. గుమ్మంలోకి వచ్చినవాళ్లకు చేస్తానని చెప్పడం ఆవిడ పని. చెయ్యలేనివాటికి ఫోనులో కాదని చెప్పడం ఆయన పని. ఆవిడకు మంచిపేరు వచ్చింది, ఆయనకు ముక్కోపి అన్న పేరు మిగిలింది. ఆ ఏర్పాటు పెట్టిందీ ఆవిడే.

సొంత పార్టీ తెచ్చిన చట్టాన్ని నిండుసభలో తప్పుపట్టిందని ఈసారి ఆవిడకు టికెట్టు ఇవ్వలేదు. ఇక ఇంటిపట్టున ఉంటుందని ఆయన లోలోపల మురిసిపోయాడు. అంతలోనే ఈ పిలుపు. రేవు కూలీల సమ్మెలో చర్చల బల్ల దగ్గర్నుంచి లేవకుండా కూర్చుని రాజీ కుదిర్చిన మనిషి గనక, నదీజలాల తగువు నడుస్తున్న పొరుగుదేశానికి ఆవిడే కావాలన్నారట.

"నన్నడగకుండా ఎలా చెప్పారు?"

"ఎప్పుడు అడిగి చెప్పాను గనక?"

"అవి ఊళ్లోవాళ్ల పనులు. ఇది నా బతుకు."

అక్కడే కూరగాయలు తరుగుతున్న తన తల్లి తనవైపు మాట్లాడుతుందని ఆయన ఆశపడ్డాడు.

"టికెట్టు రాలేదని మూలన కూర్చోబెడదామనుకున్నావుట్రా?" అంది ముసలావిడ. "ఇది కూర్చునే రకమైతే నేనెప్పుడో కూర్చోబెట్టేదాన్ని."

దాంతో ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. అక్కడి విందుల్లో పెళ్లాం వెనక నిలబడి పళ్లికిలించడం తన వల్ల కాదన్నాడు. ఆవిడ ఆయన ఎదుటే ఫోను అందుకుంది.

"మంత్రిగారూ, ఇందాక మావారు చెప్పింది ఆయన మాట. నా మాట నేను చెబుతున్నాను. వెళ్తాను. కానీ మీరు రాసిచ్చింది చదివే మనిషి కావాలంటే ఇంకెవరినైనా చూసుకోండి. మన తప్పుంటే తప్పని మీకే చెబుతాను."

అవతల మంత్రిగారు నవ్వి, రాజధానికి ఎప్పుడొస్తారని అడిగారు.

ఫోను పెట్టి ఆవిడ భర్తవైపు తిరిగింది. "నేను వెళ్తున్నాను. మీరొస్తారో రారో మీ తరఫున నేను చెప్పను. మీరే చెప్పండి."

ఊరందరికీ కాదని చెప్పిన మనిషి తలొంచుకుని, "భయంగా ఉంది. అక్కడ నాతో ఎవరికీ పనుండదు. నీక్కూడా" అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన తన గోడు చెప్పుకోవడం అదే మొదలు. వినడానికి తానెప్పుడు కూర్చుంది గనక అనిపించి ఆవిడకు కళ్లు చెమర్చాయి. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాకూ భయమే. అయినా ఆగను. పని కోసం కాదు, నాకోసం రండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముసలావిడ కొంగుతో కళ్లొత్తుకుని, కత్తి పక్కన పెట్టి లేచింది.

"మీరిద్దరూ భయపడుతూ కూర్చోండి. నేను పోయి నా పెట్టె సర్దుకుంటాను."